పట్టినంత మాత్రాన పనిచేస్తుందా?

ఇప్పటి కంప్యూటర్ సామానుతో నాకున్న పేచీ ఒకటే: అన్నీ చక్కగా పట్టేస్తాయి. ప్రాసెసర్ సాకెట్లో మెత్తగా కూర్చుంటుంది. ర్యామ్ టక్కుమని దిగుతుంది. కరెంటు వైర్లు తిరగేసి పెడదామన్నా దూరవు. అంతా బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, రంగురంగుల లైట్లు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. అప్పుడు క్యాబినెట్‌ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో నా దుకాణానికి వస్తారు పిల్లలు. "అంకుల్, అన్నీ కొత్తవే. సైట్లో అన్నీ కంపాటబుల్ అనే చూపించింది. డిస్‌ప్లే రావట్లేదు" అంటారు. పట్టడం వేరు, పనిచేయడం వేరు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పెట్టె మీద రాయలేదు, అమ్మినవాడు నోరు విప్పలేదు.

మా రోజుల్లో ఏదీ అంత తేలిగ్గా పట్టేది కాదు. బిగించే ముందు చదవక తప్పేది కాదు.

నేను వరంగల్‌లో అసెంబ్లింగ్ మొదలుపెట్టిన కాలంలో బజార్లో ఎక్కువగా తిరిగినవి సాకెట్ 7 బోర్డులు. ఆ ఒక్క సాకెట్లో ఇంటెల్ పెంటియం పెట్టుకోవచ్చు, ఏఎండీ కే6 పెట్టుకోవచ్చు, సైరిక్స్ 6ఎక్స్86 పెట్టుకోవచ్చు. మూడు కంపెనీల ప్రాసెసర్లకు ఒకే బోర్డు! ఇవాళ్టి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు. ఆ స్వేచ్ఛ మాత్రం ఊరికే రాలేదు. పాత పెంటియానికి 3.3 వోల్టులు ఇస్తే సరిపోయేది. 1997 జనవరిలో వచ్చిన ఎంఎంఎక్స్ పెంటియానికి లోపలి కోర్‌కు 2.8, బయటి సంకేతాలకు 3.3, అంటే రెండు వేర్వేరు వోల్టేజీలు కావాలి. కే6లో 166, 200 రకాలకు 2.9. అదే కే6లో 233 రకానికి 3.2. మరుసటి ఏడాది వచ్చిన కే6-2కు 2.2. వీటిని బోర్డు తనంతట తాను కనిపెట్టేది కాదు. మనమే చెప్పాలి. చెప్పడం అంటే జంపర్లు పెట్టడం. గోరంత ప్లాస్టిక్ టోపీలు, లోపల రాగిరేకు. ఏ రెండు పిన్నుల మీద ఏ టోపీ పెట్టాలో మాన్యువల్లో పట్టిక ఉండేది. చాలా బోర్డుల మీద ఆ పట్టికను తెల్లసిరాతో అచ్చేసేవాళ్లు కూడా. మాన్యువల్ పోయినా బోర్డు చేతిలో ఉంటే చాలు.

వోల్టేజీ అయ్యాక బస్ వేగం, ఆ తర్వాత మల్టిప్లయర్. 66 మెగాహెర్ట్జ్‌ను మూడున్నరతో గుణిస్తే 233. పాత బోర్డుల్లో మూడున్నర అనే అమరికే ఉండదు. అలాంటి చోట ఒకటిన్నరకు పెడితే ఎంఎంఎక్స్ 233 దాన్ని మూడున్నరగా అర్థం చేసుకునేది. ఈ సంగతి తెలిసిన మెకానిక్ పాత బోర్డును పారేయనిచ్చేవాడు కాదు. తెలియనివాడు కొత్త బోర్డు అమ్మేవాడు. మెకానిక్‌లలో మంచీ చెడూ అక్కడే తేలిపోయేది.

ర్యామ్ సంగతీ అంతే. 72 పిన్నుల సిమ్ ఒక్కొక్కటీ 32 బిట్ల వెడల్పు. 486కు డేటా దారి 32 బిట్లే కాబట్టి ఒక్కటి పెట్టినా నడిచేది. పెంటియం దారి 64 బిట్లు, అందుకని కాడికి ఎద్దుల్లాగా రెండేసి పెట్టాలి, అదీ ఒకే రకానివి. ఈ కారణం తెలిశాక ఇక దేన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. రేపు ఏ కొత్త రకం వచ్చినా, దాని వెడల్పెంత, బోర్డుకు కావాల్సిందెంత అని అడిగితే జవాబు దానంతట అదే దొరుకుతుంది. మా తరానికి కంపాటబిలిటీ అంటే ఇదే. ఫలానాదానికి ఫలానాది సరిపోతుందని తెలియడం కాదు, ఎందుకు సరిపోతుందో తెలియడం.

అప్పట్లో డయలప్ ఇంటర్నెట్ పెట్టించుకున్న ఇళ్ల నుంచి ఒకే రకం ఫిర్యాదు వచ్చేది: "నెట్ కలవగానే మౌస్ బిగుసుకుపోతోందండీ." మౌస్ కామ్1 మీద, మోడెమ్ కామ్3 మీద. రెండు పోర్టులకూ ఐఆర్‌క్యూ ఒక్కటే, నాలుగో నంబరు. ప్రాసెసర్‌ను పిలవడానికి ఇద్దరికీ కలిపి ఒకటే గంట అన్నమాట. మోడెమ్ పని మొదలుపెట్టగానే మౌస్ గొంతు పడిపోయేది. కార్డు మీద జంపర్ మార్చి మోడెమ్‌ను కామ్4కు పంపితే, అటువైపు కామ్2 మీద ఇంకేదీ లేకపోతే, గొడవ తీరిపోయేది. సౌండ్ కార్డు అయితే అడ్రసు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1. ఇవి మా నాలుక మీద ఉండేవి. హార్డ్‌డిస్క్ కొనేముందు బోర్డులోని బయోస్ ఎంతవరకు చూడగలదో చూసేవాళ్లం. పాత బయోస్‌కు 8.4 జీబీ దాటితే కనపడదు, ఆ తర్వాతి కాలపు బోర్డులకు 137 జీబీ దగ్గర గోడ. ఆ రెండో గోడ ఎందుకో వేళ్ల మీద లెక్క కట్టొచ్చు: అడ్రసుకు 28 బిట్లు, ఒక్కో సెక్టారుకు 512 బైట్లు.

సామానుకు సికింద్రాబాద్ వెళ్లేవాళ్లం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్ ఎలాగో తెలుగువాళ్లకు సీటీసీ అలాగ. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి, చీకటి పడేసరికి అట్టపెట్టెలతో తిరిగొచ్చేవాళ్లం. అక్కడి మంచి దుకాణాల్లో ఒక పద్ధతి ఉండేది. బోర్డును దాని అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసర్ పెట్టి, ర్యామ్ గుచ్చి, పవర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో తాకించేవాళ్లు. తెర మీద మెమరీ లెక్క వచ్చాకే బిల్లు రాసేవాళ్లు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఇంకేం మాట అక్కర్లేదు.

మేమూ ఊరికే నమ్మి కొనేవాళ్లం కాదు. ర్యామ్ మీద చిప్పులు లెక్కపెట్టేవాళ్లం. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు చాలా గట్టివి, ఏళ్ల తరబడి నడిచాయి. కానీ ఎనిమిది చిప్పులతో చేసిన 256 ఎంబీ ఎస్‌డీర్యామ్ పెడితే అవి 128గానే చూపించేవి. ఒక్కో చిప్పులో ఉన్న సాంద్రత ఆ చిప్‌సెట్‌కు అందదు. పదహారు చిప్పుల 256 అయితే పూర్తిగా కనపడేది. ఊరునుంచి వచ్చినవాడికి ఎనిమిది చిప్పుల రకం చేతిలో పెట్టబోతే, "బీఎక్స్ బోర్డన్నా, పదహారు చిప్పులది ఇవ్వు" అనగలిగేవాళ్లం. ఆ మాట వినగానే దుకాణంవాడి ధోరణి మారిపోయేది.

ఆ కాలమంతా బంగారమని నేను అనడం లేదు. కరెంటు ఇచ్చే పాత ఏటీ రకం ఎస్‌ఎంపీఎస్‌కు పీ8, పీ9 అని రెండు కరెంటు ప్లగ్గులుండేవి. రెండింటి నల్లవైర్లూ మధ్యలో పక్కపక్కన వచ్చేట్టు పెట్టాలి. అటుదిటు చేస్తే బోర్డు పోయేది. ఏటీఎక్స్ రకం వచ్చి ఆ భయం తీర్చింది. సాకెట్లో కూర్చునే తొలి ఏథ్లాన్ ప్రాసెసర్లకు తలమీద కవచం లేదు. హీట్‌సింక్ సరిగా కూర్చోకపోతే క్షణాల్లో మాడేవి. బిగించేటప్పుడు చెయ్యి జారితే మూల విరిగేది. 3.3 వోల్టుల పాత ఏజీపీ గ్రాఫిక్స్ కార్డును 1.5 వోల్టుల పెంటియం 4 బోర్డులో పెడితే బోర్డే కాలిపోయేది. కొన్ని కార్డులకు గాడి తప్పుగా కోసి ఉండటంతో అవి ఆ స్లాట్లో పట్టేవి కూడా. కంపెనీల అత్యాశ అప్పుడూ ఉంది. 2000 నవంబరులో పెంటియం 4ను సాకెట్ 423తో, ఖరీదైన రాంబస్ మెమరీతో తెచ్చారు. ర్యామ్ జతలుగా పెట్టాలి, ఖాళీ స్లాట్లలో సైతం ఉత్త పలకలు గుచ్చాలి. ఏడాది తిరక్కుండానే సాకెట్ 478 వచ్చి ఆ బోర్డుల్ని అనాథల్ని చేసింది. కొన్నవాళ్ల ఉసురు ఊరికే పోలేదు, రాంబస్ డెస్క్‌టాప్ బజారు నుంచే లేచిపోయింది.

కాబట్టి కీలున్న కనెక్టర్లూ, వోల్టేజీని తానే చదువుకునే బోర్డులూ రావడం మేలే. వాటి మీద నాకు కోపం లేదు. ఆకారం ఒకటిగా ఉంచి లోపల తలుపు వేసేయడం మీదే కోపం.

2015లో ఇంటెల్ ఎల్‌జీఏ 1151 అనే సాకెట్ తెచ్చింది. ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లు అందులో నడిచాయి. 2017లో ఎనిమిదో తరం వచ్చింది. సాకెట్ అదే 1151, పిన్నుల సంఖ్య అదే, గాడి అదే. పాత బోర్డులో పెడితే పడుతుంది. పనిచేయదు. కొత్త 300 వరుస బోర్డు కొనాలి. ఎక్కువ కోర్లకు కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి పిన్నుల పంపకం మార్చామన్నారు. కానీ ఓపికున్నవాళ్లు పాత బోర్డుల బయోస్ సవరించి, కొన్ని పిన్నులు కప్పి, ఆ ప్రాసెసర్లను వాటి మీదే నడిపించి చూపించారు. నాకు మండేది ఇక్కడే. నిజంగా పనికిరానిదాన్ని పనికిరాదనడం న్యాయం. పనికొచ్చేదానికి తాళం వేసి, ఆ తాళం బయటికి కనపడకుండా చేయడం ఏం న్యాయం? మధ్యతరగతి ఇంట్లో ఓ పిల్లాడు దాచుకున్న డబ్బుతో ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకుంటాడు. సాకెట్ పేరు చూసి కొంటాడు. వాడు చూసింది తప్పా?

ఏఎండీ ఈ విషయంలో మెరుగు. ఏఎం4 సాకెట్‌ను 2017 నుంచి నడిపి, 2022లో కూడా అదే సాకెట్‌కు 5800ఎక్స్3డీ ఇచ్చింది. అయినా అక్కడా ఒక చిక్కుంది. బీ450 బోర్డు గోదాములో పాత బయోస్‌తో పడి ఉంటుంది. దాని మీద రైజెన్ 5600 పెడితే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. బయోస్ మార్చాలంటే తెర రావాలి, తెర రావాలంటే బయోస్ మారాలి. కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే మీట ఉంటుంది. అది లేనివాటికి పాత ప్రాసెసర్ ఒకటి ఎక్కడినుంచైనా తేవాలి. నా సొరుగులో ఇందుకోసమే ఒక పాత రైజెన్ పెట్టుకున్నాను, దానికి తీరిక దొరకదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700లోనూ ఇదే కథ: పన్నెండో తరం కోసం వచ్చిన బోర్డు మీద పదమూడో తరం, పద్నాలుగో తరం పెట్టాలంటే ముందు బయోస్ మార్చాలి. ఆన్‌లైన్లో చూపించే ఆకుపచ్చ టిక్కుకు సాకెట్ తెలుసు, క్యాబినెట్ పొడవు తెలుసు. మీ చేతికొచ్చిన పెట్టె ఏ నెలలో తయారైందో దానికేం తెలుసు?

పేర్ల చివర ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టు. 12400ఎఫ్ కాస్త చవక కాబట్టి ఇంట్లో లెక్కలు రాసుకునే మాస్టారు చేత అదే కొనిపిస్తారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఆయన మానిటర్‌కు బొమ్మ ఎక్కడినుంచి వస్తుంది? రైజెన్‌లోనూ 7000 వరుసకు ముందు, పేరులో జీ లేనివాటికి అదే గతి. అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు ఇంకో గుంట: ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే గ్రాఫిక్స్ కార్డు. కార్డు చూడటానికి నిండు పొడవు స్లాటుకు సరిపోతుంది, వాడుకునే లేన్లు మాత్రం నాలుగే. పీసీఐఈ 4.0 బోర్డు మీద అది సర్దుకుపోతుంది. 3.0 బోర్డు మీద దారి సగమైపోయి ఆటల్లో తడబడుతుంది. చవక కార్డును కొనేది పాత బోర్డున్నవాళ్లే కదా!

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎస్‌ఎంపీఎస్. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రాసెసర్‌కు, కార్డుకు వేలు పోసి, చివర్లో క్యాబినెట్‌తోపాటు వచ్చిందే చాలంటారు. దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనున్న పట్టిక చదవండి. 12 వోల్టుల లైను ఎదురుగా 16 ఆంపియర్లని ఉంటే 12ను 16తో గుణించండి, వచ్చేది 192 వాట్లు. ఇప్పటి ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది దాదాపు ఆ 12 వోల్టుల మీదే. పెంటియం 3 కాలంలో బరువంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల మీద ఉండేది, ఆ పాత లెక్కతో చేసిన ఎస్‌ఎంపీఎస్‌లు అప్పటికి సరిపోయాయి. పెంటియం 4తో ప్రాసెసర్‌కు విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల ప్లగ్గు వచ్చింది. అప్పటినుంచి చూడాల్సిన అంకె అదే. మా పెద్దవాళ్లు ఎస్‌ఎంపీఎస్‌ను చేత్తో ఎత్తి బరువు చూసేవాళ్లు. లోపల ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు సరైనవి ఉంటే బరువుంటుంది. ఇప్పటికీ నేను ఎత్తి చూస్తాను.

విడదీసే వైర్ల ఎస్‌ఎంపీఎస్‌లు వచ్చాక మరో ప్రమాదం మొదలైంది. ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లో చక్కగా పడుతుంది. హార్డ్‌డిస్క్ వైపు కొనకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు లేదు. ఎవరి పిన్నుల వరుస వాళ్లది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళితే డిస్కుతోపాటు అందులో దాచుకున్న పెళ్లి ఫొటోలూ పోతాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత వైర్లు అలాగే ఉంచుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాంతో వచ్చినవే వాడండి. సరైన వైరైనా పూర్తిగా దిగాలి. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు లాగుతుంది. దాని కొత్త పదహారు పిన్నుల ప్లగ్గులు కరిగిన సంగతి 2022 అక్టోబరులో బయటపడింది. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక కారణమని తేలింది. పట్టినట్టు కనపడటానికీ పట్టడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందు చాలు, ప్లగ్గు కరగడానికి.

ర్యామ్ దగ్గర గాడి కాపాడుతుంది. డీడీఆర్4కూ డీడీఆర్5కూ పిన్నులు 288 అయినా గాడి చోటు వేరు, కాబట్టి ఒకదాన్లో ఒకటి దూరదు. ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలవీ వచ్చాయి గనక బోర్డు ఏదో ముందే చూసుకోవాలి. గాడి కాపాడలేనిది ఇంకోటుంది. స్లాట్లు నాలుగున్నాయి కదాని నాలుగూ నింపితే రైజెన్ 7000లో కంపెనీ హామీ ఇచ్చే వేగం 5200 నుంచి 3600కు పడిపోతుంది. రెండు పెద్దవి కొనుక్కోవడం మేలు. దాని ఏఎం5 సాకెట్ బోర్డు మీద మొదటిసారి స్విచ్ వేస్తే ర్యామ్‌ను సర్దుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఆ మాట మాన్యువల్లో చదవనివాళ్లు పాడైందనుకుని పదేపదే ఆపి వేస్తారు. ఎం.2 స్లాటు కూడా అంతే. అందులో దూరే ఎస్‌ఎస్‌డీ కార్డు సాటా కావచ్చు, ఎన్‌వీఎంఈ కావచ్చు. కొన్ని స్లాట్లు ఒకదాన్నే ఒప్పుకుంటాయి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 నింపితే రెండు సాటా పోర్టులు మూగబోతాయి. హార్డ్‌డిస్క్ పోయిందని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను.

చివరికి భాగాలన్నీ కలిసినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోని రోజొచ్చింది. విండోస్ 11 కావాలంటే, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఇంటెల్ ఎనిమిదో తరమో రైజెన్ 2000 వరుసో అంతకంటే కొత్తదో ఉండాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. 2017లో కొన్న ఏడో తరం ఐ7లు నా దగ్గరికి వస్తుంటాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 సదుపాయం వాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్‌లోనే ఉంది. బోర్డు బాగుంది, ర్యామ్ బాగుంది, ఏ భాగానికీ ఇంకో భాగంతో తగువు లేదు. జాబితాలో పేరు లేదు, అంతే. వాటిని తుక్కు కింద తీసుకోను. లినక్స్ వేసి, ఎస్‌ఎస్‌డీ పెట్టి ఇస్తున్నాను. ఇంటర్ చదివే పిల్లలకు మరో ఐదేళ్లు హాయిగా నడుస్తాయి.

ఇప్పుడు బోర్డు పెట్టెలో వచ్చేది ఒక మడతకాగితం. అసలు మాన్యువల్ కంపెనీ వాళ్ల సైట్లో ఉంటుంది, ప్రాసెసర్ల పట్టిక వేరేచోట, ర్యామ్ పట్టిక ఇంకోచోట. ఏ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో ఆ పట్టికలో ఉంది. ఆ సంగతి తెలిసినవాడికే అది దొరుకుతుంది. కొన్ని పెట్టెల మీద కొత్త ప్రాసెసర్‌కు సిద్ధం అని స్టిక్కర్ వేస్తున్నారు, సంతోషం. అన్నిటి మీదా వేయండి. పెట్టెలోని బోర్డుకు ఏ బయోస్ ఎక్కించి పంపారో ఆ నంబరు బయట అచ్చేయండి. ఏ ఎం.2 నింపితే ఏ పోర్టు ఆగుతుందో బోర్డు మీదే రాయండి. ఎఫ్ ప్రాసెసర్ పెట్టె ముందువైపు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలని తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాల్లో వేయండి. అమ్మేవాళ్లు తెర వచ్చాకే బిల్లు రాయండి. ఇరవై జంపర్ల పట్టికను అరచేతిలో సగం చోటులో అచ్చేసి అమ్మిన పరిశ్రమకు ఇవేమీ చేతకాని పనులు కావు.